వ్యాన్‌లో వాడిన నీళ్లతో ఫ్లష్: వాసన వచ్చినా, పంపు లాగకపోయినా ముందు చూడాల్సింది

పంపు మార్చే ముందు ట్యాంకు మూత ఒకసారి తీసి చూడండి. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. కొత్త పంపు కొంటారు, అది కూడా లాగకపోతే అప్పుడు బండి తీసుకుని వస్తారు.

మా షెడ్డు ఒడిశాలోని జయపురంలో. టెంపో ట్రావెలర్లు, పాత మినీ బస్సులు తెచ్చి, లోపల మంచం, వంట గట్టు, చిన్న బాత్రూం కట్టి క్యాంపర్లుగా మారుస్తాం. ఎక్కువగా విజయనగరం, విశాఖ, బరంపురం వైపు వాళ్లు చేయించుకుంటారు. దేవమాలి కొండ దగ్గర ఒక రాత్రి, దుడుమ జలపాతం దగ్గర ఒక రాత్రి ఉండాలంటే నీళ్లు కింద నుంచే మోసుకెళ్లాలి. అందుకే స్నానం నీళ్లు, వాష్‌బేసిన్ నీళ్లు బండి కింద చిన్న ట్యాంకులో పట్టి, జల్లెడ దాటించి, 12 వోల్టుల పంపుతో కమోడ్‌లోకి వదిలే ఏర్పాటు చేస్తాం. బకెట్ స్నానానికి సుమారు 15 లీటర్లు అనుకుంటే, వ్యాన్ కమోడ్‌కి ఒకసారికి లీటరో రెండు లీటర్లో పడుతుంది. అంటే ఒకరి స్నానం నీళ్లతో ఇద్దరికి రోజంతా గడిచిపోతుంది. మంచినీళ్లు మంచినీళ్లుగానే మిగులుతాయి.

ఏర్పాటు సులువే. చెడితే మాత్రం మనుషులు తప్పుడు చోట వెతుకుతారు.

పంపు అసలు తిరగడం లేదు

ఫ్యూజు చూడండి. తర్వాత వైరు జాయింట్లు, ముఖ్యంగా బండి అడుగున బురద తగిలే చోట ఉన్నవి. బ్యాటరీ దిగిపోయి ఉందేమో చూడండి. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

పంపు తిరుగుతోంది, నీళ్లు మొదటి నుంచీ సన్నగా వస్తున్నాయి

జల్లెడ. తొంభై మాటలు అక్కర్లేదు, జల్లెడ. పంపు ముందు ఉండే చిన్న గిన్నె విప్పితే జుట్టు, సబ్బు జిడ్డు, ఎవరో వద్దన్నా వినకుండా సింక్ పైపు కూడా ఇందులోకే కలిపి ఉంటే అన్నం మెతుకులు. కడిగి పెట్టండి. పెట్టేటప్పుడు రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే అక్కడి నుంచే గాలి పీలుస్తుంది. ట్యాంకుకీ పంపుకీ మధ్య గొట్టంలో ఎక్కడ సందు ఉన్నా అంతే. నీళ్లు కారవు కాబట్టి సందు కంటికి కనపడదు, పంపు మాత్రం గాలి మింగుతూ గరగరలాడుతుంది. క్లిప్పులు బిగించి చూడండి.

ఇద్దరు ముగ్గురు వరసగా షాంపూతో తలస్నానం చేసిన రోజు ట్యాంకులో నురగ నిండి కూడా పంపు తడబడుతుంది. ఒక గంట ఆగితే నురగ దిగుతుంది. దీనికి మెకానిక్ అక్కర్లేదు.

కమోడ్‌లో వదిలిన నీళ్లే వాసన వస్తున్నాయి

ఎన్నాళ్ల నీళ్లు అవి? వాడిన నీళ్లను ఒక రోజు, అంటే 24 గంటలు దాటి ఉంచకూడదు. సబ్బులోనూ ఒంటి మట్టిలోనూ సూక్ష్మజీవులకు తిండి ఉంటుంది. అవి ముందు నీళ్లలో ఉన్న ప్రాణవాయువు అంతా వాడేస్తాయి. అది అయిపోయాక గాలి అక్కర్లేని రకం పని మొదలుపెడుతుంది, అప్పుడే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎండాకాలంలో ఇనప బండి కింద ఇది ఇంకా తొందరగా అవుతుంది. అందుకే నేను పెద్ద ట్యాంకు పెట్టను. వంద లీటర్లది పెట్టమంటారు, పొదుపు ఎక్కువ అవుతుందని. అవ్వదు, నిలవ ఎక్కువ అవుతుంది. నలభై లీటర్లు చాలు, రోజూ ఖాళీ చేయండి.

సింక్ నీళ్లు ఇందులో కలపకండి. నూనె, పప్పు, పులుసు కలిస్తే ఏ జల్లెడా కాపాడదు. వాసన పోవాలని ఈరోజు బ్లీచింగ్ పౌడర్, రేపు బాత్రూం యాసిడ్ పోసేవాళ్లు ఉన్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన వ్యాన్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఖాళీ చేసేది మరుగుదొడ్డి ఉన్న చోట, లేదా మురుగు కాలువ ఉన్న చోట. గెడ్డ, అంటే వాగు, పక్కన ఆపి అందులోకి వదలకండి. కింద ఊరివాళ్లు ఆ నీళ్లే వాడతారు.

ట్యాంకు కడిగినా వ్యాన్‌లో వాసన, ఘాట్ ఎక్కుతుంటే మరీ ఎక్కువ, రెండు ఫ్లష్‌లు బాగానే వచ్చి మూడోది నీరసం

అసలు కథ ఇది. నాకు ఒక కొత్త పంపు ఖర్చు, రెండు రోజుల పని, కొంత పరువు పోయాయి దీనివల్ల.

విజయనగరం నుంచి ఒక కుటుంబం బండి తెచ్చింది. నేనే కట్టిన బండి. "అన్నయ్యా, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే వాసన భరించలేకపోయాం. పిల్ల వాంతి చేసుకుంది" అన్నాడతను. ట్యాంకు దింపి కడిగించాను. వాసన లేదు. పంపించేశాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. ఈసారి ఫిర్యాదు వేరే: వాసన తగ్గింది గానీ ఫ్లష్ రావట్లేదు. పొద్దున్న రెండుసార్లు బాగా వస్తుంది, మూడోసారి పంపు మూలుగుతుంది, నీళ్లు దారంలా పడతాయి. ఒక అరగంట ఆగితే మళ్లీ బాగుంటుంది.

పంపు వేడెక్కుతోందని నేను తేల్చేశాను. నా ఖర్చుతో కొత్తది వేశాను. అదీ అంతే. జల్లెడ విప్పాను, క్లిప్పులు మార్చాను, వైరు లావుది వేశాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే పంపు ఇంకా తొందరగా చేతులెత్తేస్తోంది. నీళ్లు ఎక్కువుంటే పంపుకి సులువు కావాలి కదా!

రెండో రోజు సాయంత్రం పంపు నడుస్తూ మూలుగుతుండగా మా షెడ్డులో పనిచేసే ఒడియా కుర్రాడు చేతులు కడుక్కుందామని వాష్‌బేసిన్‌లో ఉన్న రబ్బరు బిరడా లాగాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. వెనక కమోడ్‌లో నీళ్లు ధారగా పడ్డాయి.

అప్పుడు పైకెక్కి చూశాను. ట్యాంకు నుంచి టాప్ మీదికి, అంటే బండి పైకప్పు మీదికి, వచ్చే గాలి గొట్టం నోట్లో మట్టి. బురద ఉండలు తెచ్చి కిటికీ మూలల్లో, స్విచ్ బోర్డుల్లో గూళ్లు కట్టే కందిరీగ ఉంటుంది చూశారా, అది గొట్టాన్ని సిమెంటు వేసినట్టు మూసేసింది. తీగతో పొడిస్తే ఎండిన మట్టితో పాటు అది పిల్లల కోసం దాచిన సాలెపురుగులు కూడా రాలాయి. ఆ ప్రయాణానికి ముందు నెలంతా బండి వాళ్ల ఇంటి ముందు కదలకుండా ఉంది. దానికి అంతకంటే ఏం కావాలి?

ఈ ఒక్క మట్టిముద్ద రెండు రోగాలుగా ఎలా కనపడిందో చెప్తాను.

ట్యాంకులోకి లీటరు నీళ్లు వస్తే లీటరు గాలి బయటికి పోవాలి. లీటరు నీళ్లు పోతే లీటరు గాలి లోపలికి రావాలి. ఆ గాలి తిరిగే దారే ఈ గొట్టం. అది మూసుకుంటే గాలి వేరే దారి వెతుక్కుంటుంది. మిగిలిన దారి వాష్‌బేసిన్ కింద, షవర్ కింద వంపు తిరిగిన ట్రాప్. ట్రాప్‌లో నిలిచే రెండు అంగుళాల నీళ్లే ట్యాంకు వాసనకి తలుపు. పైనుంచి నీళ్లు పోస్తే లోపలి గాలి ఆ తలుపు తోసుకుని గుడగుడమని పైకి వస్తుంది. పంపు లాగితే అదే తలుపులోంచి గాలి దూరుతూ నీళ్లని కూడా పీల్చేస్తుంది. ట్రాప్ ఎండిపోతుంది. ఇక వాసనకి అడ్డేముంది?

ఘాట్ సంగతి ఇంకా బాగుంటుంది. సాలూరు మైదానంలో ఉంది, ఘాట్ పైన కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో. ఎక్కేసరికి బయట గాలి ఒత్తిడి ఎనిమిది తొమ్మిది శాతం తగ్గుతుంది. ట్యాంకులో ఇరవై లీటర్ల గాలి బంధించి ఉంటే అది లీటరున్నర పైగా వ్యాకోచించి బయటికి రావాలని చూస్తుంది. ట్రాప్‌లో ఉన్న రెండంగుళాల నీళ్లని తోసేయడానికి వంద మీటర్లు కూడా ఎక్కనక్కర్లేదు. అందుకే ఇంటి దగ్గర లేని వాసన సుంకి మలుపుల్లో మొదలవుతుంది. మీ బండిలో వాసన ఘాట్‌లోనే వస్తుంటే ఇంకేమీ విప్పకండి, తిన్నగా టాప్ ఎక్కండి.

మరి ఫ్లష్ ఎందుకు పోయింది? వాసనకి విసిగి అతనే వాష్‌బేసిన్‌కి, షవర్ కన్నానికి రబ్బరు బిరడాలు కొట్టాడు. వాసన తగ్గింది, నిజమే. కానీ ఆఖరి దారి కూడా మూసుకుపోయి ట్యాంకు సీసాలా బిగిసింది. పది పదిహేను లీటర్ల గాలి ఉన్న చోట నుంచి నీళ్లు లాగుతూ పోతే ఆ గాలి పలచబడుతుంది, పంపు నీళ్లతో పాటు ఆ శూన్యాన్ని కూడా లాగాలి. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, కాబట్టి ఇంకా తొందరగా పలచబడుతుంది. అరగంట ఆగితే సందుల్లోంచి కాస్త కాస్త గాలి చేరి మళ్లీ ప్రాణం వస్తుంది. లోపలి ఒత్తిడి ఇరవయ్యో వంతు తగ్గినా, 60 సెంటీమీటర్లు పొడవు 40 ఎత్తు ఉన్న ట్యాంకు గోడ మీద బయటి నుంచి 120 కిలోల బరువు పడినట్టే. అతని ట్యాంకు పక్కలు లోపలికి సొట్టపోయి ఉన్నాయి. మొదటిసారి కడిగినప్పుడు సొట్ట లేదు. రెండోసారి చూసి కూడా రాయి తగిలిందనుకున్నాను.

పరీక్ష ఒక్క నిమిషం పని. బిరడాలన్నీ పెట్టి, నాలుగైదు ఫ్లష్‌లు వదిలి, నీళ్లు సన్నబడగానే ట్యాంకు పైన ఉండే మూత తిప్పండి. బుస్సుమని నీళ్లు ధారగా వస్తే పంపుకి ఏ రోగమూ లేదు. లేదా ఒకరు బేసిన్‌లో బకెట్ నీళ్లు గుమ్మరిస్తుంటే ఇంకొకరు టాప్ మీద గొట్టం దగ్గర పలచటి కవరు ముక్క పట్టుకోండి. అది కదలాలి.

శుభ్రం చేసేటప్పుడు మట్టిని కిందికి పొడవకండి, ట్యాంకులో పడి పంపు జల్లెడకే చేరుతుంది. కింద గొట్టం విప్పి, పైకి గాలి కొట్టండి. తర్వాత పైన గొట్టం నోరు కిందికి తిరిగేలా వంపు పెట్టి, స్టీలు జాలీ బిగించండి. బట్ట కట్టకండి, దుమ్ము పట్టి అదే మూసేస్తుంది. మెత్తటి గొట్టం వేసి ఉంటే మధ్యలో పొట్టలా వేలాడుతోందేమో చూడండి. కుదుపులకి ట్యాంకు నీళ్లు ఎగిరి ఆ పొట్టలో నిలిస్తే అదీ బిరడాయే, కందిరీగ కూడా అక్కర్లేదు. గొట్టం పై కొస బండి లోపల వదిలేసే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ల బండి వాసన గురించి నేను మాట్లాడను.

ట్రాప్‌లో ఒక గ్లాసు నీళ్లు పోసి, బిరడాలు తీసి పక్కన పడేయండి.

మంచినీళ్ల కుళాయిలో సబ్బు వాసన

ఇది అరుదే. కానీ కనపడగానే ఆ నీళ్లు తాగడం, వంటకి వాడటం అక్కడికక్కడే ఆపండి. వాడిన నీళ్ల ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఫ్లష్‌కి పనికొస్తుందని ఎవరో మంచినీళ్ల లైనుకీ ఫ్లష్ లైనుకీ మధ్య ఒక వాల్వు పెట్టి ఉంటారు. వన్‌వే వాల్వు ఉంది కదా అంటారు. వెంట్రుక ఇరుక్కుంటే వన్‌వే టూవే అవుతుంది. ఆ కలయికే తీసేయండి. అవసరమైతే మంచినీళ్లు మగ్గుతో పైనుంచి పోసుకోండి, రెండు గొట్టాలు ఒకదాన్నొకటి తాకకూడదు. కలిసిన లైనూ మంచినీళ్ల ట్యాంకూ బాగా కడిగాకే మళ్లీ నింపండి.

మిగతావి

ట్యాంకు ఖాళీగా ఉన్నా మీటరు నిండుగా చూపిస్తే లోపలి సెన్సరు పుల్లల మీద సబ్బు పొర ఉంది, తుడవండి. పంపు ఆగకుండా కొట్టుకుంటుంటే కమోడ్ వాల్వు కారుతోంది. పంపు లోపలి రబ్బరు చిరగడం, ప్రెషర్ స్విచ్ పోవడం, ట్యాంకు పగలడం జరగవని కాదు. పైవన్నీ చూశాక కూడా తేలకపోతే అప్పుడు బండి తీసుకుని రండి. టాప్ ఎక్కి గొట్టం చూశారా అని మొదటి ప్రశ్న అడుగుతాను.