'అట్టాగే సార్' అనే ముందు: కొత్త ఉద్యోగంలో మేనేజరుతో మాట్లాడే పద్ధతి

నెల్లూరు వైపు 'అట్నే సార్' అంటారు, ఒంగోలు వైపు 'అట్టాగే సార్' అంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారి నోట మొదటి నెలలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. పెద్దలకు ఎదురు ప్రశ్న వేయకూడదని ఇంట్లో నేర్పిన మర్యాద నుంచి వచ్చిన మాట కాబట్టి దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే పలికినవారు 'మీరు చెప్పింది విన్నాను' అనుకుంటూ ఆ మాట అంటే, విన్న మేనేజరు దాన్ని 'పూర్తిగా అర్థమైంది, చెప్పిన వేళకు చేసి పెడతాను' అనే హామీగా తీసుకుంటారు. కొత్త ఉద్యోగంలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ తేడా వల్లనే పుడతాయని, మొదట చీమకుర్తిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలోనూ తర్వాత నెల్లూరు తీరంలో ఒక రొయ్యల ప్రాసెసింగు ప్లాంటులోనూ పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

గ్రానైటు ఫ్యాక్టరీలో నేను చేరిన ఏడాది, కోసిన స్లాబులను లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవడం నా పని. ఒకరోజు పాలిష్‌కు వెళ్లబోతున్న బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైటు స్లాబు మీద సన్నని నెర్రె ఉన్నట్లు అనుమానం వచ్చి నీళ్లు చల్లి చూస్తే, రాయంతా ఆరిన తర్వాత కూడా ఆ గీత మాత్రం తడిగానే ఉండిపోయింది. ఆ ఉదయం మేనేజరు గారు ఎవరిమీదనో గట్టిగా కేకలు వేసి ఉండడంతో నాకు వెళ్లి చెప్పడానికి ధైర్యం చాలలేదు, పాలిష్ దగ్గర ఎవరో ఒకరు చూస్తారులే అని ఊరుకున్నాను. మూడో రోజు కంటెయినరులోకి ఎక్కించే సమయంలో కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చిన మనిషి దాన్ని పట్టుకున్నాడు. నెర్రె ఒక స్లాబుతో ఆగదు, అదే బ్లాకు, అంటే స్లాబులు కోసిన పెద్ద రాతి దిమ్మె, లోని పక్క స్లాబుల్లోకీ పారి ఉండవచ్చు, అందువల్ల ఆ బ్లాకు నుంచి వచ్చిన స్లాబులన్నిటినీ దించి మళ్లీ చూడవలసి వచ్చింది. మేనేజరు గారు నన్ను అడిగింది ఒకటే: 'నువ్వు దీన్ని ఎప్పుడు చూశావు?' రాయిలో నెర్రె ఉండడం ఎవరి తప్పూ కాదని, మూడు రోజులు దాచడం మాత్రం నా తప్పేనని ఆ ప్రశ్నతో నాకు తెలిసింది.

కాబట్టి చెడు వార్తను చెప్పడం నేర్చుకోవడమే కొత్తవారు అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. ఆలస్యం చేయకుండా చెప్పాలి, చెప్పేటప్పుడు క్రమం ఉండాలి. 'సార్, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట, నిన్న సాయంత్రం నేను వస్తుంటే' అని మొదలుపెడితే విషయం వచ్చేసరికి వినేవారి ఓపిక అయిపోతుంది. జరిగింది ఏమిటి, ఎంత మేరకు జరిగింది, ఇప్పటికి మీరు ఏం చేశారు, వారు ఏం నిర్ణయించాలి అనే వరుసలో చెప్పండి. 'సార్, పద్నాలుగో నంబరు స్లాబులో నెర్రె కనబడింది, దానికి అటూ ఇటూ ఉన్న రెండు స్లాబులు చూశాను, వాటిలో లేదు, పాలిష్ ఆపించమంటారా, ఇదొక్కటి పక్కన పెట్టించమంటారా?' అని ఆనాడు నేను అడిగి ఉంటే సరిపోయేది. మేనేజరు కోపంగా ఉన్నారన్న కారణంతో వాయిదా వేయవద్దు, ఎందుకంటే ఆలస్యమైనకొద్దీ అదే వార్త మరింత కోపం తెప్పిస్తుంది.

రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరుగా చేరేవారికి ఇది మరీ ముఖ్యం. పగలు నీటిలోని నాచు ఎండ సాయంతో ప్రాణవాయువును తయారుచేస్తుంది, రాత్రి ఆ పని ఆగిపోయి నాచూ రొయ్యలూ అడుగున పేరుకున్న వ్యర్థాలూ అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున అది బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి, జనరేటరు అందుకోక, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే, సారును నిద్ర లేపడం ఎందుకని ఆరుగంటల దాకా కాచుకొని కూర్చున్నవాడి మర్యాద పంటను కాపాడదు. ఏ విషయాలకు రాత్రి ఎంత వేళైనా ఫోన్ చేయాలి, ఏవి పొద్దున చెబితే చాలు, ఏ నిర్ణయాలు నేనే తీసుకోవచ్చు అనే మూడు ప్రశ్నలను చేరిన వారంలోనే అడిగి, వారు చెప్పిన జవాబులను పుస్తకంలో రాసిపెట్టుకోండి.

పని అప్పగించినప్పుడు, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవడం రెండో అలవాటు. మా ప్లాంటులో కొత్తవారిని తికమక పెట్టే మాట 'కౌంటు'. గుంట గట్టున రైతు 'ముప్పై కౌంటు' అంటే తలతో సహా కిలోకు ముప్పై రొయ్యలు తూగుతాయని అర్థం. ఎగుమతి పెట్టెల మీద '26/30' అని ఉంటే తల తీసిన రొయ్యలు ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా వస్తాయని అర్థం. తల తీస్తే రొయ్య బరువులో మూడో వంతు దాకా పోతుంది కాబట్టి ఈ రెండు ముప్పైలూ ఒకటి కావు. 'సాయంత్రానికి ముప్పై కౌంటు సిద్ధం చేయించు' అని మేనేజరు నడుస్తూ చెప్పిపోతే, 'అట్నే సార్' అనకుండా, 'తల తీసిన సరుకే కదా సార్, 26/30 గ్రేడు, ఐదు గంటల లారీకి, ఎన్ని పెట్టెలు కావాలి?' అని వెంటనే అడగండి. దీనికి పట్టే సమయం అర నిమిషం. తెలియక అడుగుతున్నారని వారు అనుకుంటారేమోనన్న భయం అక్కరలేదు. పెట్టెల సంఖ్య అడిగిన కొత్త కుర్రవాడిని నేనెప్పుడూ తక్కువగా చూడలేదు, అడగకుండా వెళ్లినవారి వెనక మాత్రం మనిషిని పంపి కనుక్కునేవాణ్ణి.

పిలుపుల విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇక్కడి చిన్న సంస్థల్లో చాలామంది ఊరివారి మాట మీదనో బంధువుల సిఫారసు మీదనో చేరతారు, కనుక మేనేజరు వరసకు మామో బావో అయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు. ఇంట్లో ఎలా పిలిచినా పని దగ్గర 'సార్' అనో 'మేడమ్' అనో పిలవండి, పేరుతో చెప్పవలసి వస్తే 'గారు' చేర్చండి. పదిమంది ముందు 'మామా' అని పిలిస్తే, ఆయన మీకు న్యాయంగా ఇచ్చే సెలవు కూడా మిగిలినవారికి పక్షపాతంగా కనిపిస్తుంది. మీకన్నా వయసులో చిన్నవారు మేనేజరుగా ఉన్నా ఇదే పద్ధతి పాటించాలి. వారు మిమ్మల్ని 'అన్నా' అని పిలిచారని మీరు 'తమ్ముడూ' అనకూడదు.

కృష్ణపట్నం ఓడరేవు చుట్టుపక్కల సంస్థల్లో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన అధికారులు తరచుగా తారసపడతారు. భాష రాదని వారికి దూరంగా తిరగడం కన్నా, సంఖ్యలూ సమయాలూ ఉన్న పొట్టి వాక్యాలను వాట్సాపులో రాసి పంపడం మేలు. వాయిస్ మెసేజీని పంపు సెట్ల రొదలో వినడం కష్టం, మళ్లీ వెతికి చూసుకోవడం ఇంకా కష్టం. మీరు నోటితో మాట్లాడుకున్న ముఖ్యమైన విషయాన్ని కూడా ఆ సాయంత్రమే రెండు వాక్యాల్లో రాసి పంపితే తర్వాత 'నేనట్లా చెప్పలేదు' అనే వాదం రాదు.

సెలవు అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. రొట్టెల పండుగ మొహర్రం నెలలో, చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ప్రతి ఏడాదీ నిరుటి తేదీ కన్నా ముందే వస్తుంది. ఆ రోజుల్లో నెల్లూరు సంస్థల్లో చాలామంది ఒకేసారి సెలవు కోరతారు. పండుగ తేదీ, ఇంట్లో పెళ్లి, వరి కోతలు ముందే తెలిసే విషయాలు కనుక కనీసం రెండు వారాల ముందే చెప్పండి, మీ పనిని ఎవరు చూసుకుంటారో వారిని ఒప్పించిన తర్వాతే వెళ్లి అడగండి. నియామక పత్రం గురించి కూడా సంకోచించవద్దు: 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ల ప్రకారం దాన్ని ఇవ్వడం యజమాని బాధ్యత, కాబట్టి 'ఎప్పుడు తీసుకోమంటారు సార్?' అని అడగడం అపనమ్మకం కిందికి రాదు.

నెల పూర్తయ్యే రోజుకు, పని ఒత్తిడి తక్కువగా ఉన్న వేళ చూసి పది నిమిషాలు సమయం అడగండి. లారీలు లోడవుతున్నప్పుడు కాదు, భోజనానికి లేస్తున్నప్పుడూ కాదు. 'నా పని ఎలా ఉంది సార్?' అని అడిగితే 'బాగానే ఉంది' అనే జవాబే వస్తుంది. 'వచ్చే నెలలో నేను మార్చుకోవలసింది ఒకటి చెప్పండి' అని అడిగితే వారు ఆలోచించి చెప్పక తప్పదు. వారు చెబుతున్నప్పుడు సమర్థించుకోకుండా వినండి, అర్థం కాని చోట ఒక ఉదాహరణ అడగండి, వారి ముందే పుస్తకంలో రాసుకోండి. మరుసటి నెల వెళ్లినప్పుడు అదే పేజీ తెరిచి మాట మొదలుపెట్టండి.