ఇన్‌కొనెల్, టైటానియం మిల్లింగ్‌లో టూల్ నిలబడాలంటే
ఇన్‌కొనెల్ 718 లాంటి నికెల్ మిశ్రమలోహాలకి ముందు కోత స్పీడ్ (టూల్ అంచు కదిలే వేగం) తగ్గించండి, కార్బైడ్ ఎండ్‌మిల్ (పక్కలతోనూ కొసతోనూ కోసే, తిరిగే టూల్) అయితే నిమిషానికి 25–35 మీటర్లతో మొదలుపెడితే చాలు, టైటానియం గ్రేడ్ 5 (ఎక్కువగా వాడే టైటానియం మిశ్రమలోహం)కి 50 దాకా పోవచ్చు. ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) మాత్రం మరీ తగ్గించొద్దు ప్లీజ్, టూల్ కోయకుండా రుద్దుకుంటూ పోతే పైపొర గట్టిపడిపోయి తర్వాతి పాస్‌లో అంచు అక్కడే చిట్లుతుంది. క్లైంబ్ మిల్లింగే (టూల్ పళ్ళు కోసే వైపే జాబ్, అంటే కోసే ముక్క, కదిలే పద్ధతి) చేయండి, చిప్ (కోసిన లోహపు పొట్టు) మందంగా మొదలై పల్చగా ముగుస్తుంది కాబట్టి రుద్దుడు తక్కువ. పక్క కోత టూల్ డయామీటర్‌లో 10 శాతం లోపు పెట్టి టూల్ పొడవు వెంబడి లోతు ఎక్కువ తీసుకోండి, అప్పుడు అరుగుదల అంచంతా పంచుకుంటుంది. జాబ్‌లోకి నేరుగా గుద్దకుండా ఆర్క్‌లో (వంపుగా) దిగాలి, చాలామంది పట్టించుకోనిది ఇదే. మూలల్లో ఆగొద్దు. కూలెంట్ ధారగా పడాలి. అంచు వెంబడి సన్నటి మెరుపు పట్టీ కనబడి 0.2 మి.మీ. దాటుతుంటే టూల్ మార్చేయండి, ఇంకో జాబ్ లాగుదాం అనుకోవద్దు.