ఎర్రదీపం వెలిగే దాకా ఆగకండి: కారుకు ఆయిల్ ప్రెషర్ గేజ్ బిగించుకోవడం

డ్యాష్‌బోర్డులో నూనె డబ్బా బొమ్మతో ఉండే ఎర్రదీపాన్ని నమ్ముకుని నేనొక ఇంజిన్ పోగొట్టుకున్నాను. అడుగున సంపులో ఉండే జల్లెడకు మడ్డి పట్టి, పంపుకు అందే ఆయిల్ రోజురోజుకూ తగ్గిపోయింది. దీపం వెలిగిన రోజున బండిని వెంటనే పక్కకు ఆపాను. అప్పటికే బేరింగులు అరిగి లోపల టకటకమని చప్పుడు మొదలైంది.

తప్పు దీపానిది కాదు, దాని పనే అంత. చాలా కార్లలో ఆ దీపాన్ని నడిపే స్విచ్, ఆయిల్ పీడనం 0.3 నుంచి 0.5 బార్‌కు (బార్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం) పడిపోతే తప్ప కదలదు. రోడ్డు మీద వేగంగా వెళుతున్నప్పుడు 4 బార్లు ఉండాల్సిన పీడనం 1 బార్‌కు దిగజారినా దీపం మౌనంగానే ఉంటుంది. గేజ్ ముల్లు అలా కాదు, దిగుతున్నప్పుడే చూపిస్తుంది. అందుకే ఆ తర్వాత నా చేతికి వచ్చిన ప్రతి కారుకూ గేజ్ బిగించుకున్నాను.

గేజ్‌లు రెండు రకాలు. మెకానికల్ గేజ్‌కు సన్నటి గొట్టం గుండా ఇంజిన్ ఆయిలే నేరుగా డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. కొలత నమ్మకంగా ఉంటుంది కానీ, ఆ గొట్టం తెగితే కాగిన ఆయిల్ మీ కాళ్ల మీద చిమ్ముతుంది. ఇంట్లో వాళ్లు ఎక్కే కారుకు నేనైతే ఎలక్ట్రికల్ గేజే పెడతాను. ఇందులో ఆయిల్ ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది, కేబిన్‌లోకి వచ్చేది వైరు మాత్రమే.

ఎలక్ట్రికల్ గేజ్‌నూ, ఇంజిన్ దగ్గర పీడనాన్ని గ్రహించి వైరు గుండా గేజ్‌కు తెలిపే సెండర్‌నూ జతగానే కొనండి. కొన్ని సెండర్ల విద్యుత్ నిరోధం సున్నా పీడనం దగ్గర 10 ఓములు, పూర్తి పీడనం దగ్గర సుమారు 180 ఓములు ఉంటుంది. మరికొన్ని ఇందుకు తలకిందులుగా 240 నుంచి 33 ఓములకు దిగుతాయి. ఒకదాని సెండర్‌ను మరొకదాని గేజ్‌కు కలిపితే ముల్లు కదులుతుంది, కానీ అది చెప్పేది అబద్ధం.

పనికి దిగే ముందు ఇంజిన్ చల్లబడనివ్వండి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయండి. ఇప్పుడు కంపెనీ వాళ్లు పెట్టిన ప్రెషర్ స్విచ్‌ను వెతకాలి. చాలా ఇంజిన్లలో అది ఆయిల్ ఫిల్టర్ దగ్గరలోనే, సాధారణంగా ఒకే వైరుతో ఉంటుంది. విప్పినప్పుడు కాస్త ఆయిల్ కారుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి.

మరల విషయంలో తొందరపడవద్దు. చాలా జపాన్ కార్లలో స్విచ్ ఉండే రంధ్రానికి 1/8 బి.ఎస్.పి.టి. (బ్రిటిష్ కొలత) మర ఉంటుంది, అమెరికా కార్లలో 1/8 ఎన్.పి.టి. (అమెరికా కొలత) కనిపిస్తుంది. అంగుళానికి మొదటిదానికి 28 చుట్లు, రెండోదానికి 27. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. ఒకదానిలో మరొకటి తిప్పితే మొదట హాయిగా ఎక్కుతుంది, తర్వాత ఒక్కసారిగా బిగుసుకుంటుంది. చేతికి ఆ బిగువు తగలగానే ఆపి వెనక్కి తిప్పండి. స్పానర్ వేసి బలవంతం చేస్తే అల్యూమినియం బ్లాకులో మర చెడిపోతుంది, దాన్ని బాగుచేయడం గేజ్ పెట్టడం కంటే పది రెట్ల పని. విప్పిన స్విచ్‌నే దుకాణానికి తీసుకెళ్లి, దానికి సరిపోయే జాయింటు కొనడం అన్నిటికన్నా క్షేమం.

ఎర్రదీపాన్ని తీసేయకండి, గేజ్‌తో పాటు అదీ ఉండాలి. అందుకోసం ఇంగ్లిష్ T అక్షరం ఆకారంలో ఉండే టీ జాయింటు వాడతాం: ఒక వైపు పాత స్విచ్, మరో వైపు కొత్త సెండర్. నేను మొదటిసారి ఇత్తడి టీని నేరుగా బ్లాకుకు బిగించి, దాని కొసకు సెండర్‌ను తగిలించాను. సెండర్ గుప్పెడు లావున బరువుగా ఉంటుంది. ఇంజిన్ అదురుకు కొన్ని నెలల్లోనే టీ మెడ దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే బ్లాకు పక్కనంతా ఆయిల్ పూత, దాని మీద పేరుకున్న దుమ్ము. ఇంకొన్నాళ్లు గమనించకపోయి ఉంటే ఆ మెడ విరిగి ఉన్న ఆయిలంతా నిమిషాల్లో బయటకు పోయేది. అప్పటినుంచి బ్లాకుకు స్టీలు అల్లిక ఉన్న చిన్న గొట్టం బిగించి, టీని, స్విచ్‌ను, సెండర్‌ను కారు బాడీకి క్లాంపుతో పట్టించడమే నా పద్ధతి.

అలా చేస్తే మరొక సంగతి మరవకూడదు. ఒకే పిన్ను ఉన్న సెండర్‌కు, పాత స్విచ్‌కు కూడా ఎర్త్ వాటి ఒంటి గుండానే అందుతుంది. గొట్టం మీదుగా అది అందుతుందని నమ్మలేం. క్లాంపు కింద రంగు గీకి, అక్కడి నుంచి బాడీకి ఒక ఎర్త్ వైరు వేయండి. టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు కొస నుంచి రెండు చుట్లు వదిలేయండి. లేకపోతే దాని తునకలు ఆయిల్ దారిలోకి పోతాయి.

వైరింగ్ సులువే. సెండర్ వైరును ఇంజిన్‌కూ కేబిన్‌కూ మధ్య గోడలో ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) గుండా లోపలికి తీసుకురండి. కొత్త రంధ్రం చేయక తప్పకపోతే దానికీ గ్రోమెట్ వేయండి. ఉత్త రేకు అంచు వైరు తొడుగును కోసేస్తుంది. గేజ్‌కు ఇగ్నిషన్ వేసినప్పుడే వచ్చే 12 వోల్టుల సరఫరా, ఎర్త్, హెడ్‌లైట్ స్విచ్ నుంచి లోపలి దీపానికి ఒక వైరు కావాలి. సరఫరాలో నేను 3 ఆంపియర్ల ఫ్యూజు వేస్తాను. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి వెళ్లకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట గేజ్ అమర్చకండి.

బ్యాటరీ కలిపి, ఇంజిన్ వేయకుండా ఇగ్నిషన్ మాత్రం తిప్పండి. ఎర్రదీపం వెలగాలి. వెలగకపోతే స్విచ్‌కు ఎర్త్ అందడం లేదన్నమాట. అది సరిచేశాకే స్టార్ట్ చేయండి. కొన్ని క్షణాల్లో ముల్లు లేవాలి, లేవకపోతే వెంటనే ఆపేయండి. లేస్తే అర నిమిషం తర్వాత ఇంజిన్ ఆపి, ప్రతి జాయింటునూ తెల్లటి కాగితంతో తుడిచి చూడండి. చెమ్మ వేలికి తెలియకపోయినా కాగితం మీద కనిపిస్తుంది.

చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి పీడనం ఎక్కువే చూపిస్తుంది. వేడెక్కాక ఐడిలింగ్‌లో 1 బార్‌కు అటూ ఇటూగా దిగితే చాలా ఇంజిన్లలో కంగారు పడనక్కరలేదు. నిమిషానికి ప్రతి 1,000 చుట్లకూ 10 పి.ఎస్.ఐ., అంటే సుమారు 0.7 బార్, అనేది పాత లెక్క. మీ ఇంజిన్‌కు అసలు అంకె మాత్రం దాని సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. మొదటి వారం వేడి ఇంజిన్ మీద ఐడిలింగ్‌లోనూ, 3,000 చుట్ల దగ్గరా ముల్లు ఎక్కడుందో రాసి పెట్టుకోండి. ఆ వారంలోనే ఒకసారి బానెట్ ఎత్తి, తెల్ల కాగితంతో జాయింట్లన్నీ మళ్లీ తుడిచి చూడండి.