లొకేషన్ తప్పు చూపిస్తోందా? ఫోన్ రీసెట్ చేసే ముందు ఇవి చూడండి

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద క్యాబ్ కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ తిప్పలు బాగా తెలుసు. మనం అత్తాపూర్‌లో కింద రోడ్డు పక్కన నిలబడి ఉంటాం, యాప్ మాత్రం పైన ఫ్లైఓవర్ మీద చూపిస్తుంది. రాత్రి పది దాటాక ఆడపిల్ల ఒక్కతే నిలబడి ఉంటే ఇంట్లోవాళ్లకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. అందుకే ఇలాంటివి ముందే సరిచేసి పెట్టుకోవాలి.

ఫోన్ మన చోటును మూడు రకాలుగా పట్టుకుంటుంది: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు, చుట్టుపక్కల వైఫై రూటర్లు, సెల్ టవర్లు. వీటిలో ఏది అందడం లేదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఉపగ్రహాల సిగ్నల్ బాగా అందాలంటే ఆకాశం కనబడాలి. మాల్ సెల్లార్ పార్కింగ్‌లో అది దాదాపు అందదు. హైటెక్ సిటీలో అయితే అద్దాల బిల్డింగులకు తగిలి తిరిగొస్తుంది, దాంతో దూరం లెక్క తప్పి మన చుక్క పక్క రోడ్డు మీదికి దూకుతుంది.

ముందుగా చేయాల్సింది

గూగుల్ మ్యాప్స్ తెరిచి నీలం చుక్కను చూడండి. దాని చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉంటే, మీరు ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చని అర్థం. ఆరుబయటికి వచ్చి ఒకట్రెండు నిమిషాలు ఆగండి. వలయం చిన్నదైతే ఫోన్ బాగానే ఉంది, మీరున్న చోటే ఇబ్బంది. ఫ్లైఓవర్ కింద ఉంటే యాప్‌ని నమ్ముకోకుండా డ్రైవర్‌కి ఫోన్ చేసి పిల్లర్ నంబర్ చెప్పండి. మన ఊళ్లో దానంత కచ్చితమైన అడ్రస్ ఇంకోటి లేదు.

చుక్క సరైన చోటే ఉండి, మీరు చూస్తున్న దిక్కు మాత్రం తప్పు చూపిస్తుంటే అది కంపాస్ సమస్య. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ తీసేసి చూడండి. తర్వాత చుక్కను నొక్కి కాలిబ్రేట్ ఎంచుకుని, స్క్రీన్ మీద చెప్పినట్టు చేయండి.

బయటికి వచ్చినా వలయం తగ్గకపోతే

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, లొకేషన్, లొకేషన్ సర్వీసెస్‌లోకి వెళ్లి లొకేషన్ యాక్యురసీ ఆన్ చేయండి. వైఫై స్కానింగ్ కూడా అక్కడే ఉంటుంది, అదీ ఆన్‌లో ఉంచండి. కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెం మారతాయి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తీసేయండి, చాలా ఫోన్లలో అసలు దొంగ అదే.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్‌లో ఒక్కో యాప్ పేరు నొక్కి చూడండి. ప్రిసైజ్ లొకేషన్ ఆఫ్‌లో ఉంటే ఆ యాప్‌కి మీ ఏరియా మాత్రమే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి అందులోనూ ఈ స్విచ్ ఉంది. క్యాబ్, మ్యాప్స్, ఫుడ్ డెలివరీ యాప్‌లకు ప్రిసైజ్ ఇవ్వండి. టార్చ్ లైట్ యాప్ లొకేషన్ అడిగితే మాత్రం ససేమిరా ఇవ్వొద్దు.

ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్

సిమ్ పెట్టే వీలులేని వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. ల్యాప్‌టాప్‌లలోనూ చాలావాటికి ఉండదు. ఇవి వైఫై ఆధారంగానో, నెట్ కంపెనీ మన కనెక్షన్‌కి ఇచ్చే నంబర్, అంటే ఐపీ అడ్రస్‌ని బట్టో అంచనా వేస్తాయి. అందుకే కూకట్‌పల్లిలో కూర్చున్నా బ్రౌజర్ ఒక్కోసారి చెన్నై అనో ముంబై అనో చెబుతుంది. మన నెట్‌ని వేరే చోటి సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ ఉంటే ఆపి చూడండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే అది మీ చేతిలో ఉండకపోవచ్చు, ఐటీ వాళ్లను అడగాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, బ్రౌజర్‌కీ అనుమతి ఇవ్వండి. కేబుల్‌తో నెట్ వాడుతున్నా వైఫై ఆన్‌లో ఉంచితే అంచనా మెరుగవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కి ఇల్లు మారి, పాత రూటర్‌నే తెచ్చుకున్నారా? ల్యాప్‌టాప్ కొన్నాళ్లు మిమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్‌లోనే చూపించే అవకాశం ఉంది. ఆ రూటర్ పాత చోటులోనే ఉన్నట్టు గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల లెక్కల్లో ఉండిపోతుంది. కొత్త చోటు నమోదయ్యాక దానంతటదే సర్దుకుంటుంది.

అమ్మానాన్నల లైవ్ లొకేషన్ ఆగిపోతుంటే

వాట్సాప్ లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మనం ఎంచుకున్నంత సేపే నడుస్తుంది. ఆ గడువు అయిపోయిందేమో ముందు చూడండి. గడువు ఉన్నా ఆగిపోతుంటే వాళ్ల ఫోన్‌లో వాట్సాప్ లొకేషన్ అనుమతిని ఎప్పుడూ అని మార్చి, బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. ఇదంతా వాళ్లకు చెప్పి, వాళ్ల ఎదుటే చేయండి. పెద్దవాళ్లకు తెలియకుండా పెట్టడం నాకు సబబు అనిపించదు.

ఫోన్ పోతే

పోయిన ఫోన్ ఎక్కడుందో చూపించే ఫీచర్‌ని (ఆండ్రాయిడ్‌లో ఫైండ్ హబ్, ఐఫోన్‌లో ఫైండ్ మై) ఈరోజే ఆన్ చేసి పెట్టండి, పోయాక చేయలేం. స్టార్ హాష్ 06 హాష్ డయల్ చేస్తే వచ్చే ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్) కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. పోయిన ఫోన్ ఏదో తెలియని గల్లీలో కనబడితే ఒక్కరే వెతుక్కుంటూ వెళ్లకండి. ఆ చుక్క పక్కింటిదీ కావచ్చు, ఎదురుపడేవాళ్లు ఎలాంటివాళ్లో తెలియదు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, సిమ్ బ్లాక్ చేయించి అదే నంబర్‌తో కొత్తది తీసుకోండి. ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబర్లతో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయించవచ్చు.