పని తెలిసిన ఉద్యోగి చేజారకుండా: మండల కార్యాలయాధికారులకు కొన్ని సూచనలు

ఈ-ఆఫీసు ఫైళ్లు, వెబ్‌ల్యాండ్ (భూముల ఆన్‌లైన్ రికార్డు) సవరణలు, సోమవారం పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో) వచ్చిన అర్జీల నమోదు, సాయంత్రంలోగా నింపి పంపమని జిల్లా కేంద్రం కోరే గూగుల్ షీట్లు, మండల కార్యాలయంలో ఇవన్నీ సాధారణంగా ఒకరిద్దరి చేతుల మీదుగానే నడుస్తాయి. ఆ ఒకరిద్దరు డిప్యుటేషన్ మీద నెల్లూరుకో ఒంగోలుకో వెళ్లినా, మరో నోటిఫికేషన్‌లో ఎంపికై ఉద్యోగమే మారినా, కార్యాలయం కొన్ని వారాలపాటు కుంటుతుంది. వారికి జీతం పెంచే అధికారం తహసీల్దారుకు గానీ ఎంపీడీవోకు గానీ లేదు. అయితే పనిని ఎలా పంచాలి, బాధ్యతను ఎవరి పేరున రాయాలి అన్నవి చాలావరకు ఆ అధికారుల చేతిలోనివే, ఉద్యోగి ఉండాలా పోవాలా అని తేల్చుకునేది కూడా ఎక్కువగా వీటిని బట్టే.

జాబ్‌చార్టును (ఎవరి విధులేమిటో చెప్పే పట్టికను) కాసేపు పక్కన పెట్టి, ఏ పోర్టల్‌లో ఏ పని నిజంగా ఎవరు చేస్తున్నారో ఒక వారంపాటు రాసుకోవడంతో మొదలుపెట్టాలి. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనప్పుడు డిజిటల్ అసిస్టెంటుకు, సర్వేయరుకు, వెల్ఫేర్ అసిస్టెంటుకు వేర్వేరు విధులు నిర్ణయించారు. ఆచరణలో మాత్రం కంప్యూటరు బాగా వచ్చినవారి బల్ల దగ్గరికే అందరి పనీ చేరుతుంది. ‘నువ్వైతే త్వరగా చేసేస్తావు’ అన్న మెచ్చుకోలు కొన్నాళ్లకు శిక్షగా మారుతుంది. అందువల్ల ప్రతి పోర్టల్‌కూ ఇద్దరిని, ఒకరిని ప్రధానంగా, మరొకరిని తోడుగా, ఆఫీసు ఉత్తర్వు ద్వారా నియమించాలి. అదనపు పని అప్పగించినప్పుడు పాత పనుల్లో దేన్ని తప్పిస్తున్నారో అదే ఉత్తర్వులో రాయాలి. అది రాయడానికి వీలు కాకపోతే ఆ పనిని వేరొకరికి ఇవ్వడమే మంచిది.

లాగిన్‌ల విషయంలో మరింత పట్టుదల అవసరం. అధికారి పాస్‌వర్డు కింది ఉద్యోగికి తెలిసి ఉండటం, డిజిటల్ సంతకం టోకెన్ అనే చిన్న పరికరాన్ని కంప్యూటరుకే ఉంచేయడం, ఓటీపీని ఫోన్‌లో అడిగి చెప్పించుకోవడం మామూలు సంగతులైపోయాయి. ఆ లాగిన్ నుంచి ఒక మ్యుటేషన్ (భూమి రికార్డులో హక్కుదారు పేరు మార్పు) తప్పుగా ఆమోదం పొందితే, విచారణ నాడు రికార్డులో కనిపించేది అధికారి పేరు, అందరూ వేలు చూపేది మాత్రం కీబోర్డు ముందు కూర్చున్న ఉద్యోగి వైపు. మెమో భయంతో పనిచేసేవారు ఎంత నేర్పరులైనా బయటపడే దారే వెతుక్కుంటారు. టోకెన్ అధికారి దగ్గరే ఉండాలి, ఆమోదాలకు ఆయనే రోజూ ఒక వేళ కేటాయించుకోవాలి. ఉద్యోగికి ఏదైనా అభ్యంతరం ఉంటే దాన్ని నోట్‌ఫైలులో రాయనివ్వాలి, తీసేయమని ఒత్తిడి చేయరాదు.

వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట వచ్చే ఆదేశాలకు హద్దు పెట్టాలి. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పటి వంటి రోజుల్లో ఎవరూ గడియారం చూడరు. అటువంటి విధుల తరువాత నిబంధనల మేరకు రావలసిన సెలవును మాత్రం వారు అడగకముందే మంజూరు చేయాలి. మామూలు రోజుల్లో పని వేళ దాటాక వచ్చిన సందేశానికి మరునాడు ఉదయం జవాబిస్తే చాలునని అధికారే గ్రూపులో ప్రకటించాలి. ఒంగోలుకు పడమరగా, నల్లమల అంచున ఉన్న దోర్నాల వంటి మండలాల్లో సిగ్నల్ అందక ముఖ హాజరు (యాప్‌లో ముఖం చూపి వేసే హాజరు) ఆలస్యమైతే, సంజాయిషీ కోరే ముందు ఆ ఊళ్లో నెట్‌వర్క్ ఎలా ఉందో కనుక్కోవాలి.

శిక్షణ గురించి చెప్పవలసింది కొంచెమే. 2020లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రభుత్వోద్యోగుల శిక్షణ కార్యక్రమం మిషన్ కర్మయోగి కింద ఐగాట్ అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఉన్నాయి. వాటికి పని వేళల్లోనే సమయం ఇవ్వాలి. ఇంటి దగ్గర చూసుకోమంటే వీడియో తన దారిన నడుస్తుంది, చూడవలసినవారు అన్నం తింటుంటారు.

పొరుగు సేవల డేటా ఎంట్రీ ఆపరేటర్లకు అధికారి చేయగలిగిన గొప్ప మేలు, జీతం ఆలస్యం కాకుండా వారి హాజరు పట్టికను నెలనెలా గడువుకు ముందే పైకి పంపడం. ఆగస్టు 15, జనవరి 26 వేడుకల్లో ఇచ్చే ప్రశంసా పత్రాలకు పేర్లు పంపేటప్పుడు, ఎదుట తరచుగా తిరిగేవారిని కాక, మొదటి వారంలో రాసుకున్న జాబితాలో నిజంగా పని చేస్తున్నట్టు తేలినవారిని సిఫారసు చేయాలి.

ఇంత చేసినా కొందరు వెళ్తారు. పోటీ పరీక్షకు నిరభ్యంతర పత్రం అడిగితే ఆపి ఉంచరాదు, ఆపినంత మాత్రాన మనసు ఆగదు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరులోకి మారినప్పటి వంటి సందర్భాల్లో పాత వివరాలు ఎక్కడున్నాయో తెలిసినవారి అవసరం ఎక్కువగా పడుతుంది. కాబట్టి ఏ పోర్టల్‌లో ఏ పని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెరల చిత్రాలతో సహా రాయించి, పాస్‌వర్డులు మాత్రం అందులో లేకుండా చూసి, రిలీవ్ చేయడానికి కనీసం ఒక వారం ముందు తోడుగా నియమించిన ఉద్యోగి చేత ఆ కాగితం చూసుకుంటూ పని మొత్తం ఒకసారి చేయించాలి.