జలుబుల కాలానికి ముందే: జ్వరంతో పాటు వచ్చే దద్దుర్ల విషయంలో జాగ్రత్తలు

దద్దుర్లు వచ్చిన పిల్లాణ్ణి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగేవి మూడు ప్రశ్నలు. జ్వరం ఎప్పుడు మొదలైంది? మందు ఎప్పుడు వేశారు? దద్దుర్లు ఎప్పుడు కనిపించాయి? మనలో చాలామంది తడబడేది అక్కడే. "మొన్న... కాదు, అటుమొన్న అనుకుంటా." "ఏదో తెల్ల సిరప్ వేశామండీ." అందుకే జలుబుల కాలం మొదలవక ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లలో ఓ చిన్న నోట్‌బుక్‌కే నేను మొదటి చోటు ఇస్తాను. ఫోన్‌లో రాసుకున్నా సరే. రోజు, వేళ, జ్వరం ఎంత, ఏ మందు, ఎంత మోతాదు. అంతే.

ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇక్కడ సగం సంగతి చెప్పేస్తుంది. తట్టులో ముందు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ఉంటాయి. మూడు నుంచి ఐదు రోజులయ్యాక జుట్టు మొదళ్ల దగ్గర, చెవుల వెనక మచ్చలు మొదలై ముఖం మీదుగా ఒంటి కిందికి దిగుతాయి. మచ్చలు వచ్చాక కూడా జ్వరం దిగదు, ఇంకా పెరగొచ్చు. పసిపిల్లల్లో వచ్చే రోజియోలా దీనికి సరిగ్గా తలకిందులు. మూడు నుంచి ఐదు రోజులు జ్వరం కాగిపోతుంది, అది దిగాక ఒంటి మీద గులాబీ రంగు మచ్చలు వస్తాయి. గండం గడిచిన రోజునే అమ్మానాన్నలకు టెన్షన్ పెరుగుతుందన్నమాట. పార్వోవైరస్ బి19 అయితే బుగ్గలు చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రగా కందుతాయి. కొవిడ్‌లో దురద దద్దుర్లు, నీటి పొక్కులు, కాలివేళ్లు ఊదారంగుకు తిరగడం, ఇలా రకరకాలు చూశారు.

మామూలు జలుబు వైరస్‌లలోనూ పొట్ట మీద, వీపు మీద చిన్న చిన్న మచ్చలు రావడం మామూలే. చాలాసార్లు అవి వైరస్‌తో మన ఒళ్లు చేసే పోరాటం చర్మం మీద కనిపించడమే. వారం లోపు వాటంతట అవే పోతాయి. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి పోల్చుకోవద్దని మాత్రం నా సలహా. నేనూ ఒకసారి ఆ పని చేశాను. అరగంట తిరిగేసరికి ఇంట్లో అన్ని జబ్బులూ ఉన్నట్టే అనిపించింది.

మందుల దగ్గర మాత్రం కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. గొంతు నొప్పి, జ్వరం అనగానే పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ తీసి వేసేయడం చాలా ఇళ్లలో అలవాటు. వైరస్ మీద అది పనిచేయదు, కొన్నిసార్లు కొత్త చిక్కు తెస్తుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల గొంతు వాచి జ్వరం వచ్చినవాళ్లు పెన్సిలిన్ కుటుంబానికి చెందిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే కొద్ది రోజుల్లో ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. చాలామందిలో అది నిజమైన అలర్జీ కాదు. అయినా "పెన్సిలిన్ పడదు" అన్న మాట ఆ మనిషిని జీవితాంతం అంటిపెట్టుకుంటుంది, రేపు నిజంగా అవసరమైన రోజున మంచి మందు ఒకటి చేజారుతుంది. కాబట్టి మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లు సీజన్‌కు ముందే ఇంట్లోంచి తీసేయండి. డాక్టరు రాసిన మందు వేశాక దద్దుర్లు కనిపిస్తే తర్వాతి డోసుకు ముందే ఫోన్ చేసి అడగండి. అలర్జీ అవునో కాదో తేల్చాల్సింది మీరు కాదు.

పిల్లలకూ, టీనేజీ వాళ్లకూ వైరల్ జ్వరంలో ఆస్పిరిన్ వేయకూడదు. రేస్ సిండ్రోమ్ అని కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఆటలమ్మ అనిపించినా, డెంగీ అనుమానం ఉన్నా ఐబుప్రోఫెన్ జోలికి వెళ్లొద్దు. పారాసెటమాల్ పిల్లలకు వయసుని బట్టి కాక బరువుని బట్టి లెక్కేయాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు, రోజుకి 4 సార్లు దాటొద్దు. డ్రాప్స్‌లో, సిరప్‌లో మందు బలం వేరువేరుగా ఉంటుంది, లేబుల్ చూడండి. జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ కలిసి ఉండొచ్చు. తెలియకుండా రెండింతలు పడేది ఇక్కడే.

టీకా కార్డు ఓసారి బయటికి తీయండి. తట్టు, రుబెల్లా టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో చూడండి. ఈ టీకా వేయించిన ఒకటి రెండు వారాల్లో కొందరు పిల్లలకు కొద్దిపాటి జ్వరం, పల్చటి మచ్చలు రావచ్చు, ఆ తేదీ కూడా నోట్‌బుక్‌లో ఉంటే మంచిది. గర్భం కోసం చూస్తున్నవాళ్లు రుబెల్లా, ఆటలమ్మ రక్షణ ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. ఆ టీకాలు గర్భంతో ఉన్నప్పుడు వేయరు. ఇప్పటికే గర్భిణి అయి, దద్దుర్లున్న మనిషి దగ్గర గడిపి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

తట్టు అనుమానం ఉంటే క్లినిక్‌కి నేరుగా వెళ్లిపోకండి, ముందు ఫోన్ చేయండి. రోగి లేచి వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో వైరస్ 2 గంటల దాకా నిలుస్తుంది. రక్షణ లేనివాళ్లు 10 మంది రోగికి దగ్గరగా మెలిగితే 9 మందికి అంటుకునేంత వేగం దానిది. మచ్చలు కనిపించడానికి 4 రోజుల ముందు నుంచి, కనిపించాక 4 రోజుల దాకా అంటుతుంది.

ఇక అందరూ నేర్చుకోవాల్సిన పరీక్ష ఒకటుంది. పారదర్శకమైన గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద గట్టిగా అదిమి, గాజులోంచి చూడండి. మామూలు వైరల్ మచ్చలు చాలావరకు గ్లాసు కింద మాయమైనట్టు పాలిపోతాయి. జ్వరంతో పాటు పాలిపోని ఎర్రటి, ఊదారంగు చుక్కలుంటే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అది మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలో పాకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. గట్టిగా దగ్గినా, వాంతి చేసుకున్నా ముఖం మీద, మెడ మీద అలాంటి చుక్కలు రావచ్చు గానీ, ఆ తేడా ఇంట్లో తేల్చుకునేది కాదు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి వైపు చూడండి, చేత్తో తడిమి గరుకుదనం గమనించండి. గ్లాసు కింద మచ్చలు పాలిపోయినా సరే, మనిషి మగతగా ఉన్నా, మెడ బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా, నోట్లో, కళ్లలో పుండ్లు లేచి చర్మం ఊడుతున్నా అదే వేగంతో కదలాలి. 3 నెలల లోపు పసిబిడ్డకు జ్వరం రావడమే చాలు, దద్దుర్లు కూడా అక్కర్లేదు. 5 రోజులైనా జ్వరం దిగక, కళ్లు ఎర్రబడి పెదవులు పగిలితే కవాసాకి జబ్బేమో చూడాలి. అది గుండె రక్తనాళాలను పట్టుకుంటుంది.

ఫొటోలు పగటి వెలుతురులో తీసి ఉంచండి. దురద దద్దుర్లు గంటల్లో ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏమీ ఉండకపోవచ్చు.

ఇంట్లో చేసేది కొంచెమే. గోళ్లు పొట్టిగా కత్తిరించండి, గోరువెచ్చటి నీళ్లతో స్నానం, వదులైన నూలు బట్టలు, తాగడానికి బాగా ఏదో ఒకటి. దురదకి కాలమైన్ లోషన్ రాయొచ్చు. షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ క్రీములు వద్దు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా బడికి పంపకండి. తగ్గాక చర్మం పొట్టు రాలినా, నల్లటి మచ్చలు కొన్ని వారాలు కనిపించినా దానికి మందేమీ అక్కర్లేదు.