అలైన్‌మెంట్ రిపోర్టు అంతా పచ్చగా ఉంది, బ్రేక్ కొడితే మాత్రం కారు పక్కకు గుంజుతోంది

సమస్య ఇలా ఉంటుంది. మామూలుగా పోతున్నప్పుడు కారు తిన్నగానే పోతుంది. బ్రేక్ కొట్టగానే స్టీరింగ్ ఒక పక్కకు గుంజుతుంది. ఒక చక్రం రోడ్డు దిగి మొరం మీద పడితే చేతిలోంచి స్టీరింగ్ ఎవరో లాక్కున్నట్టు అవుతుంది. అలైన్‌మెంట్ చేయిస్తే రిపోర్టులో గడులన్నీ పచ్చగా వస్తాయి, అంటే చక్రాల కోణాలన్నీ హద్దుల్లోనే ఉన్నట్టు. ఇంకో షాపులో చేయిస్తే అక్కడా అంతే. నల్లగొండ, మిర్యాలగూడ వైపు అయినా, ఇటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు అయినా ఈ గోడుతో వచ్చే బండ్లు తక్కువేం కాదు.

ముందు చూడాల్సినవి చూశారా? టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవాలి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న లెక్క ప్రకారం నింపాలి, పంచర్ షాపులో అందరికీ కొట్టే లెక్క కాదు. ముందు టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే రకం, ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం నుంచి సెగ కొడుతుంటే కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పిన్ను పట్టేసి ఉండొచ్చు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టుకునే చేయి) వెనక రబ్బరు బుష్‌ చిరిగినా బ్రేక్‌లో ఇలాగే లాగుతుంది, జాకీ ఎక్కించి రాడ్డుతో కదిపితే తెలిసిపోతుంది. ఇవేవీ చూడకుండా నేరుగా అలైన్‌మెంట్‌కు వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇవన్నీ బాగుండి కూడా లాగుతోందంటే నేను అడిగే మొదటి ప్రశ్న: "రిమ్ములు ఏమైనా మార్చారా?" చాలామంది లేదంటారు. కాస్త గుచ్చి అడిగితే అప్పుడు చెబుతారు: "గుంతలో పడి ఒక అల్లాయ్ రిమ్ము పగిలింది. అదే డిజైన్‌ది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వేయించాను." దొంగ అక్కడున్నాడు.

అది ఎందుకు లాగుతుందో అర్థం కావాలంటే స్టీరింగ్ ఇరుసు గీతను ఊహించుకోవాలి. ముందు నుంచి చూస్తే చక్రం తిరిగేది పైన షాకబ్జర్ టాప్ మౌంట్, కింద బాల్ జాయింట్, ఈ రెంటినీ కలిపే గీత చుట్టూ. ఆ గీత నిలువుగా ఉండదు, పైభాగం ఇంజిన్ వైపు వాలి ఉంటుంది. ఈ వాలునే ఎస్ఏఐ అంటారు, కొన్ని రిపోర్టుల్లో కేపీఐ అని ఉంటుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇది 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ గీతను కిందికి పొడిగిస్తే నేలను ఒక చోట తాకుతుంది. అక్కడి నుంచి టైరు నేలకు ఆనిన పట్టీ మధ్య వరకు ఉన్న దూరమే స్క్రబ్ రేడియస్. గీత టైరు మధ్యకు లోపలి వైపు దిగితే పాజిటివ్, బయటి వైపు దిగితే నెగెటివ్.

తలుపును బందు దగ్గర నెడితే కదలదు, అంచు దగ్గర వేలితో నెట్టినా తెరుచుకుంటుంది. స్క్రబ్ రేడియస్ కూడా అంతే. దూరం ఎంత పెరిగితే బ్రేక్ బలం చక్రాన్ని అంత గట్టిగా తిప్పుతుంది. రెండు పక్కలా దూరం సమానంగా ఉంటే ఎడమ చక్రం గుంజేది, కుడి చక్రం గుంజేది టై రాడ్ల (చక్రాలను స్టీరింగ్‌కు కలిపే కడ్డీల) దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మీ చేతికి ఏమీ తెలియదు. ఒక పక్క 10 మిల్లీమీటర్లు తేడా వచ్చిందా, బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ తేడా స్టీరింగ్‌కు వస్తుంది.

ఆ తేడా తెచ్చేది రిమ్ము ఆఫ్‌సెట్. హబ్‌కు ఆనుకునే ముఖం నుంచి రిమ్ము నడిమి గీత వరకు ఉన్న దూరం అది. రిమ్ము వెనక ఆ దూరం మిల్లీమీటర్లలో ఈటీ 45, ఈటీ 35 అని పోతపోసి ఉంటుంది. అంకె 10 తగ్గితే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, స్క్రబ్ రేడియస్ అంతే దూరం పాజిటివ్ వైపు జరుగుతుంది. మన దగ్గర చిన్న కార్లలో చాలావాటికి 4×100 బోల్టు కొలతే, అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు బోల్టులు. అందుకే ఒకదాని రిమ్ము ఇంకోదానికి హాయిగా కూర్చుంటుంది, నట్లు బిగుస్తాయి, చూపుకు తేడా ఉండదు.

మెషీన్ దీన్ని పట్టుకోదు. దాని క్లాంపు రిమ్ము అంచును పట్టుకుని చక్రం ఏ కోణంలో ఉందో చూస్తుంది. చక్రం ఎంత బయటికి జరిగిందో చెప్పే గడి రిపోర్టులో మామూలుగా ఉండదు.

ఇంకో ఉచ్చు ఉంది. టైరు మీద అనుమానంతో ముందు చక్రాలు రెండూ అటుదిటు మార్చి చూస్తారు. లాగుడు కూడా అవతలి పక్కకు పోతుంది. టైరే అని తేల్చేసి కొత్త టైర్లు కొంటారు, అవి ఎక్కేది పాత రిమ్ముల మీదే. డబ్బులు పోయాయి, లాగుడు పోలేదు. టైరు దోషమైతే బ్రేక్ వేయకపోయినా లాగుతుంది. రిమ్ము దోషమైతే బ్రేక్‌లో ఒక పక్కకు, ముందు చక్రాలతో నడిచే బండిలో సెకండ్ గేర్‌లో గట్టిగా యాక్సిలేటర్ తొక్కితే రెండో పక్కకు పోతుంది. బ్రేక్‌లో పోయే వైపున ఉన్న రిమ్మే బయటికి జరిగి ఉంటుంది. కాలిపర్ దోషమైతే చక్రాలు మార్చినా లాగుడు అదే పక్కన ఉండిపోతుంది.

కొలవడానికి స్టీలు స్కేలు, ఒక తిన్నటి పట్టీ చాలు. చక్రం విప్పి, ముఖం కిందికి ఉండేలా గోనెసంచి మీద పడుకోబెట్టండి. వెనక అంచు మీద పట్టీ అడ్డంగా పెట్టి హబ్ ఆనే ముఖం దాకా లోతు కొలవండి. టైరు ఎత్తుగా ఉండి పట్టీ దాని మీదే ఆగితే, పట్టీకి రిమ్ము అంచుకు మధ్య సందు ఎంతో కొలిచి తీసేయండి. రెండో చక్రానికీ అదే పని. రిమ్ముల వెడల్పు ఒకటే అయితే రెండు లోతులూ ఒకటే రావాలి. 134 మిల్లీమీటర్లు ఒకచోట, 124 ఇంకోచోట వచ్చిందా, దొరికింది. ఇక మందు ఒక్కటే, అదే ఈటీ ఉన్న రిమ్ము. సర్దడానికి స్పేసర్ (రిమ్ముకు హబ్‌కు మధ్య పెట్టే బిళ్ల) వేస్తామంటే వద్దనండి. అప్పటిదాకా తేడా ఉన్నదాన్ని డిక్కీలో స్టెప్నీగా పడేయండి.

నాలుగు రిమ్ములూ ఒకేసారి మార్చి, నాలుగింటికీ ఈటీ తగ్గించినవాళ్ల సంగతి వేరు. మంచి తారు రోడ్డు మీద వాళ్లకేం తెలియదు, ఎందుకంటే రెండు పక్కలా సమానం. కోతలప్పుడు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటారు కదా, ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద ఉండగా బ్రేక్ కొట్టండి, కాదు, కొట్టకండి, నా మాట నమ్మండి. పట్టు ఉన్న కుడి పక్కకు బండి ఎలాగూ తిరగబోతుంది, పాజిటివ్ స్క్రబ్ స్టీరింగ్‌ను కూడా అదే పక్కకు తిప్పుతుంది. నెగెటివ్ అయితే ఎదురు పక్కకు తిప్పి కాపాడుతుంది. 1972లో వచ్చిన ఆడీ 80 నెగెటివ్ పెట్టుకున్నది అందుకే. ఒక ముందు చక్రానికి ఎదురుమూల వెనక చక్రాన్ని జత చేసిన బ్రేకుల్లో ఒక జత చచ్చినా, నెగెటివ్ ఉంటే బండి అదుపులో ఉంటుంది. కంపెనీ అంత లెక్క వేసి పెట్టిన దాన్ని మనం షోకు కోసం పోగొట్టుకుంటున్నాం. రిమ్ము వెడల్పు పెరగడం వేరే విషయం, ఈటీ మారకపోతే నడిమి గీత జరగదు.

ఇక రిమ్ములు మార్చలేదు, కానీ వడ్ల కుప్ప పక్కన వదిలేసిన బండరాయికి చక్రం కొట్టుకుంది, లేదా క్లచ్ పని కోసం ఇంజిన్ కింది క్రాస్ మెంబర్ (లోయర్ ఆర్మ్‌లు బిగించే అడ్డ దూలం) దించారు. అలాంటప్పుడు రిపోర్టులో ఎవరూ చదవని ఎస్ఏఐ గడి చూడాలి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించి కొలిస్తేనే ఆ అంకె వస్తుంది, తిప్పడం ఎగ్గొడితే గడి ఖాళీగా ఉంటుంది. ఎస్ఏఐకి క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పే కోణం) కలిపి (మైనస్ ఉంటే తీసేసి) రెండు పక్కలా పోల్చండి. ఎడమ 13°10′, క్యాంబర్ −0°30′, మొత్తం 12°40′. కుడి 14°20′, క్యాంబర్ −1°40′, మొత్తం మళ్లీ 12°40′. మొత్తాలు సమానమై ఎస్ఏఐలు ఒక డిగ్రీకి పైగా తేడా ఉంటే నకిల్ (హబ్‌ను పట్టుకునే భాగం), షాకబ్జర్ వంగలేదు, ఈ అంకెల్లోలాగా అయితే క్రాస్ మెంబర్ కుడికి జరిగి ఉండొచ్చు. బోల్టులు వదులు చేసి జరిపి బిగిస్తే రెండు పక్కలా ఒకేసారి సర్దుకుంటుంది. మొత్తాలే తేడాగా వస్తే ఆ పక్క నకిల్ గానీ షాకబ్జర్ గానీ వంగింది, మార్చాల్సిందే. క్యాంబర్ బోల్టు వేసి, లేదా షాకబ్జర్ రంధ్రం అరగదీసి గడిని పచ్చగా చేసి పంపేవాళ్లున్నారు. అంకె సర్దుకుంటుంది, వంకర అలాగే ఉంటుంది.

బ్రేక్ హోస్ లోపల ఉబ్బడం, ఎలక్ట్రిక్ స్టీరింగ్ సెన్సార్ సున్నా తప్పడం లాంటివీ ఉంటాయి కానీ అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి పోండి. అలైన్‌మెంట్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఎస్ఏఐ అంకెలు ఉన్న ప్రింటు రెండు పేజీలూ అడిగి తీసుకోండి, మొదటి పేజీ ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తారు.